30 సెకన్ల టీవీ యాడ్: అందరూ నవ్వారు, బట్టలు మాత్రం ఎవరికీ గుర్తులేవు

బొత్తాం_కాజా
మా చిన్న బట్టల లైనుకి మొదటి టీవీ యాడ్ తీస్తున్నాం. 30 సెకన్లు. నవ్వించేదే కావాలని పట్టుబట్టింది నేనే. స్క్రిప్టు ఇదీ: ఫ్యాషన్ షో. మోడల్ తల ఎగరేసుకుంటూ ర్యాంపు మీద నడిచొస్తుంది. చెప్పు మడమ పుటుక్కున విరుగుతుంది. పడబోతూ తెర పట్టుకుంటుంది. తెర ఊడి ముందు వరసలో కూర్చున్నాయన మీద పడుతుంది, ఆయన విగ్గు ఎగిరి పక్కావిడ ఒళ్ళో వాలుతుంది. మోడల్ లేచి, దులుపుకుని, ఏమీ జరగనట్టు నడుచుకుంటూ పోతుంది. "ఏది పడినా స్టైల్ పడదు" అని వాయిస్ ఓవర్.

స్టోరీబోర్డు బొమ్మల్ని వరసగా పేర్చి, మా గొంతులే పెట్టి, యానిమాటిక్‌లా చేసి 12 మందికి చూపించాం. అందరూ నవ్వారు. విగ్గు దగ్గర ఒకాయనకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మర్నాడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "నిన్న చూసింది దేని యాడ్?" అని అడిగా. 9 మంది చెప్పుల యాడ్ అన్నారు. ఇద్దరు విగ్గుల యాడ్ అన్నారు. ఒక్కరే బట్టలన్నారు, అదీ కాసేపు ఆలోచించి.

షూటింగ్‌కి నాలుగు వారాలుంది. నాకు నిద్ర పట్టట్లేదు. జోకే మార్చాలా, లేక ఇదే జోకులో బట్టల్ని ఎక్కువసేపు చూపించాలా?

పిట్టగోడ
విరిగింది మడమ. ఎగిరింది విగ్గు. బట్టలేం చేశాయి పాపం, బుద్ధిగా ఒంటి మీదే ఉన్నాయి.

సోఫాలో_మూడోసీటు
నాకూ చదవగానే చెప్పుల యాడే అనిపించింది. చివర్లో "మా చెప్పులు విరగవు" అని వస్తుందనుకున్నా.

కటింగ్_టేబుల్
పిట్టగోడ సరదాగా అన్నా అసలు జబ్బు అదే. నేను యాడ్‌లు ఎడిట్ చేస్తుంటాను. దీన్ని మా వాళ్ళు వాంపైర్ ఎఫెక్ట్ అంటారు. జోకు రక్తమంతా పీల్చేసుకుంటుంది, సరుకు పాలిపోయి మూలన కూర్చుంటుంది. బట్టల్ని ఎక్కువసేపు చూపించినా తగ్గే జబ్బు కాదు.

నేను ఏ స్క్రిప్టు వచ్చినా ఒక పని చేస్తా. అందులోంచి సరుకు తీసేసి ఇంకోటి పెట్టి చూస్తా. జోకు చెక్కుచెదరకుండా నిలబడిందంటే ఆ జోకు ఆ సరుకుది కాదు. మీ మోడల్‌కి గోనెసంచి తొడిగినా ఆ విగ్గు అలాగే ఎగురుతుంది కదా.

ర్యాంపు మీద నవ్వించాలంటే 1985లో వెండీస్ అనే అమెరికా హాంబర్గర్ కంపెనీ చేసిన యాడ్ చూడండి. సోవియట్ ఫ్యాషన్ షో. ఒకే ఆవిడ, ఒకే బూడిదరంగు గౌను. మొదట "పగటి దుస్తులు" అని పిలుస్తారు, నడుస్తుంది. తర్వాత "సాయంత్రం దుస్తులు", అదే గౌను, చేతిలో టార్చిలైటు. ఆ తర్వాత "ఈత దుస్తులు", అదే గౌను, చేతిలో బీచ్ బంతి. ఎంచుకునే వీల్లేకపోతే ఎలా ఉంటుందో చెప్పి, మా దగ్గర మీకు నచ్చినట్టు ఎంచుకోవచ్చు అన్నారు. అక్కడ జోకూ వాళ్ళు చెప్పదలచిన మాటా ఒకటే. బర్గర్ వాళ్ళు గౌనుతో అంత చెప్పగలిగితే బట్టలు అమ్మేవాళ్ళు ఇంకెంత చెప్పొచ్చు!

నిక్కచ్చి
అసలు నవ్వు ఎందుకండీ? "విదూషకుల దగ్గర జనం కొనరు" అని అమెరికా యాడ్‌ల రచయిత క్లాడ్ హాప్కిన్స్ 1923లోనే రాశాడు. బట్టలు కొనేవాడు అద్దంలో తనని తాను ఊహించుకుంటాడు. ఊహలో అందంగా కనిపించాలి గానీ తెరలు లాగుతూ బోర్లా పడేలా కాదు.

మాటలపుట్ట
నిక్కచ్చి గారూ, ఆ హాప్కిన్స్ మాటనే ఎత్తిచూపిన డేవిడ్ ఒగిల్వీ, యాడ్‌ల రంగంలో పెద్ద పేరున్నవాడు, 1983లో రాసిన పుస్తకానికి వచ్చేసరికి మనసు మార్చుకున్నాడు. నవ్వు కూడా అమ్ముతుందని కొత్త పరిశోధనలో తేలిందని ఒప్పుకున్నాడు.

నిక్కచ్చి
ఆ పేజీయే ఇంకొంచెం కిందికి చదవండి. నిజంగా నవ్వొచ్చేలా రాయగలిగేవాళ్ళు చాలా చాలా తక్కువ, మీరు వాళ్ళలో ఒకరు కాకపోతే జోలికి పోవద్దనీ అన్నాడు.

మాటలపుట్ట
అది రాసేవాళ్ళకి చెప్పిన జాగ్రత్త. నవ్వు వద్దని కాదుగా. ఆ జాగ్రత్త కోసమేగా ఇక్కడ ఇంతమందిమి కూర్చున్నాం.

అందం, నవ్వు రెండూ కుదరవు అనడానికి కూడా ఒప్పుకోను. 1985లో బ్రిటన్‌లో వచ్చిన లీవైస్ 501 జీన్సు యాడ్ ఉంది. బట్టలుతికే మెషీన్ల షాపులోకి ఒక కుర్రాడు వస్తాడు, టీషర్టూ జీన్సూ విప్పి గులకరాళ్ళతో సహా మెషీన్లో పడేస్తాడు, లోదుస్తులతోనే వెళ్ళి ఒక లావుపాటాయన పక్కన కూర్చుని పత్రిక తిరగేస్తాడు. మనకి నవ్వు ఎక్కడొస్తుంది? చుట్టూ ఉన్నవాళ్ళ మొహాల్లో. వాడు మాత్రం నిమ్మళంగా ఉంటాడు. తొడుక్కున్నవాడు వెర్రివాడు కాకూడదు, వాణ్ణి చూసి లోకం తికమకపడాలి. బట్టల యాడ్‌కి నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది.

సూదీదారం
ఇంతమంది ఇంత రాశారు, ఒక్కరూ ఆవిణ్ణి అడగలేదు. బొత్తాం గారూ, మీ బట్టల్లో ఏముంది? మీ పోస్టులో మడమ ఉంది, తెర ఉంది, విగ్గు ఉంది. బట్టల గురించి ఒక్క ముక్క లేదు.

పిట్టగోడ
సూదీదారం అక్క సూదితోనే వచ్చింది.

బొత్తాం_కాజా
అక్కా, మీరు అడిగాక నా పోస్టు నేనే మళ్ళీ చదివా. నిజమే, రాయలేదు. జాకెట్లు, ఓవర్‌షర్టులు. అన్నీ తిరగేసి తొడుక్కోవచ్చు. ఒకవైపు సాదా ముదురు నీలం, రెండోవైపు ఆవపువ్వు పసుపు. లోపలి కుట్లు కనబడకుండా అంచులు మడిచి కుట్టడానికి మా వాళ్ళు ఏడు నెలలు తంటాలుపడ్డారు. ఏ వైపు తొడిగినా అదే మంచి వైపు.

కటింగ్_టేబుల్
తిరగెయ్యొచ్చా!! అమ్మా, జోకు మీ జాకెట్ లోపలే కుట్టేసి పెట్టుకుని బయటెక్కడో విగ్గులు ఎగరేస్తున్నారు.

సోఫాలో_మూడోసీటు
గూఢచారి! తరుముతుంటారు, మూల తిరిగి జాకెట్ తిరగేసుకుంటాడు, వెతికేవాళ్ళు పక్కనుంచే పరిగెత్తుకుపోతారు.

మాటలపుట్ట
బావుంది గానీ వందసార్లు చూసిన సీను. తిరగేసే జాకెట్ అనగానే ఎవరికైనా ముందు తట్టేది అదే. ముందు తట్టిందాన్ని పక్కన పెట్టమనే నా సలహా ఎప్పుడూ.

కొత్తగా_చేరా
లావుపాటావిడకి జిప్పు పడదు, నలుగురు కలిసి లాగుతారు, జిప్పు తెగి ఎగిరి ఎవరికో తగుల్తుంది. ఎలా ఉంది?

సూదీదారం
వద్దు. ఇరవై ఏళ్ళుగా మనుషులకి బట్టలు కొలిచి తొడుగుతున్నాను. ట్రయల్ రూమ్‌లో జిప్పు పడక తలుపు తీయకుండా లోపలే నిలబడిపోయినవాళ్ళని చూశాను. తలుపు బయట నిలబడి వాళ్ళతో మాట్లాడింది కూడా నేనే. ఆ బాధని చూపించి నవ్వమంటే ఆ కొలత ఉన్న ఏ మనిషీ మీ షాపు గడప తొక్కదు. పైగా అది జాకెట్ కొలత తప్పని చెప్పే జోకు.

కొత్తగా_చేరా
అర్థమైందక్కా. ఆ వైపు నుంచి ఆలోచించలేదు.

గళం
చాలాసేపటి నుంచి చదువుతున్నా. నాకొకటి తట్టింది, చూడండి. ఏదో పార్టీ. ఒకావిడ నీలం జాకెట్‌లో లోపలికొస్తుంది. ఎదురుగా ఇంకొకావిడ. సరిగ్గా అదే జాకెట్. ఇద్దరి మొహాలూ బిగుసుకుపోతాయి. మధ్యలో ఒక స్తంభం ఉంది. మొదటావిడ నెమ్మదిగా స్తంభం వెనక్కి జరిగి, తిరగేసుకుని, పసుపులో ధీమాగా బయటికొస్తుంది. అవతలి వైపు నుంచి రెండో ఆవిడా పసుపులోనే వస్తుంది.

పిట్టగోడ
😂😂 ఇది చాలు. మూసెయ్యండి చర్చ.

సోఫాలో_మూడోసీటు
గళం గారూ, ఇంట్లో గట్టిగా చదివి వినిపించా. "ఆ తర్వాత?" అని అడిగారు అందరూ.

నిక్కచ్చి
జోకు బాగుందని ఒప్పుకుంటా. కానీ ఇందులో ఒక ఇబ్బంది ఉంది. "మా జాకెట్ కొంటే ఇంకొకరి ఒంటి మీద కూడా అదే కనిపిస్తుంది" అని చెప్పినట్టు కాదా? ఫ్యాషన్‌లో అంతకంటే భయం ఏముంది?

మాటలపుట్ట
మంచి ప్రశ్న. కానీ ఆ భయం ఇప్పటికే జనంలో ఉంది. ఏ కంపెనీ జాకెట్‌కైనా అది తప్పదు. తేడా ఏంటంటే, మామూలు జాకెట్‌తో ఇరుక్కుంటే ఇరుక్కున్నట్టే. ఇక్కడ బయటపడే దారి జాకెట్ లోపలే ఉంది. ఇబ్బంది అందరిదీ, ఉపాయం వీళ్ళొక్కరిదే. కాకపోతే ఇద్దరూ మళ్ళీ ఒకటే రంగులో తేలి అక్కడే ఆగిపోతే ఉపాయం ఓడిపోయినట్టవుతుంది. నిక్కచ్చి గారి మాట ఆ మేరకు నిజం. ఒక్కసారన్నా కుదరాలి.

గళం
అయితే మూడోసారి కుదురుతుంది. ఒకావిడ కదలకుండా నిలబడి, రెండో ఆవిణ్ణి "నువ్వెళ్ళు" అని కళ్ళతో అడుగుతుంది. ఆవిడ వెళ్ళి నీలంలో వస్తుంది. ఒకరు పసుపు, ఒకరు నీలం. ఇద్దరూ హమ్మయ్య అనుకుంటారు. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. మూడో మనిషి. అదే జాకెట్.

కటింగ్_టేబుల్
రెండే వైపులు, ముగ్గురు మనుషులు! ఎలా తిప్పినా ఎవరో ఒకరికి జత కుదిరి తీరుతుంది. ముగ్గురి చేతులూ ఒక్కసారే జిప్పు మీదికి వెళ్తాయి. అక్కడే కట్. తిరగెయ్యడం చూపించొద్దు. మిగతాది చూసేవాళ్ళు మనసులో తిప్పుకుంటారు.

పిట్టగోడ
నేను ఇప్పటికీ లెక్క వేస్తున్నా. కుదరట్లేదు.

బొత్తాం_కాజా
చేతులు వణుకుతున్నాయి టైప్ చేస్తుంటే. గళం గారూ, ఇది వాడుకోవచ్చా?

గళం
వాడుకోమనేగా రాశాను. వాయిస్ ఓవర్ ఉంటే మాత్రం నన్ను పిలవండి.

సూదీదారం
అందరూ ఆగండి. నా దగ్గర తిరగేసి తొడుక్కునే జాకెట్ ఒకటుంది. ఇప్పుడే గడియారం పెట్టుకుని చేశాను. జిప్పు తీసి, విప్పి, చేతులు బయటికి లాగి, తొడుక్కుని, జిప్పు వేసేసరికి 19 సెకన్లు. మొత్తం యాడే 30.

నీడ_వెలుగు
షూటింగ్‌లో అది సమస్యే కాదు. స్తంభం వెనక తిరగేసిన జాకెట్ ఇంకొకటి పట్టుకుని ఒకరు నిలబడతారు. రెండు సెకన్లలో మార్చేస్తారు.

నిక్కచ్చి
అది మోసం. తిరగెయ్యడం రెండు సెకన్ల పని అని నమ్మించి అమ్ముతున్నట్టు. కొన్నావిడ ఇంటికెళ్ళి అద్దం ముందు చేతులు చిక్కుకుని తంటాలుపడితే?

నీడ_వెలుగు
కామెడీలో కాలాన్ని కుదించడం అందరికీ తెలిసిందే కదండీ. స్తంభం వెనక్కి వెళ్ళి బయటికొస్తే మధ్యలో కొంత టైము గడిచిందని చూసేవాళ్ళకి అర్థమవుతుంది.

సూదీదారం
ఇద్దరి మాటా కొంత నిజం. ఒక కిటుకు చెప్తాను. మామూలుగా విప్పి తర్వాత చేతులు లాగితే ఆలస్యం. ముంజేతి పట్టీ మణికట్టు దగ్గర బిగువుగా ఉంటే, మెడ దగ్గర పట్టుకుని వెనక్కి ఒలిచినప్పుడు జాకెట్ చెయ్యి తనంతట తనే లోపలిది బయటికొచ్చేస్తుంది. అరటితొక్క ఒలిచినట్టు. విప్పడంలోనే సగం తిరగేసినట్టే. అలా ఆరుసార్లు చేశాక 8 సెకన్లకి వచ్చాను. మొదటిసారి మార్చుకునేటప్పుడు ఆ ఒలవడం కెమెరా ముందు నిజంగా చూపించండి, ఒక మూడు సెకన్ల ముక్క చాలు. బట్ట లోపలి రంగు బయటికి పొంగుతుంటే చూడ్డానికి ఎంత బావుంటుందో! ఆ తర్వాతి మార్పులు స్తంభం వెనకే కానివ్వండి.

నిక్కచ్చి
దీనికి ఒప్పుకుంటాను. ఒక్కసారైనా నిజంగా కనబడాలి, నా పట్టుదల అదొక్కటే.

బొత్తాం_కాజా
అక్కా, మీరు చెప్పినట్టే మా జాకెట్‌తో చేశా. ముంజేతి పట్టీ వదులుగా ఉండి చెయ్యి పూర్తిగా తిరగట్లేదు. రేపే కుట్టు మాస్టారుకి చెప్పి పట్టీలో ఎలాస్టిక్ వేయిస్తా. యాడ్ కోసం మొదలుపెడితే జాకెట్టే బాగుపడుతోంది.

కటింగ్_టేబుల్
ఇక తీసే పద్ధతి. సెకనుకి 25 ఫ్రేములు, 30 సెకన్లంటే 750 ఫ్రేములు మీ దగ్గరున్నాయి. మొదటి మూడు సెకన్లలోనే రెండు జాకెట్లూ ఎదురెదురుగా పడాలి. పార్టీ, దీపాలు, నడక అని ఉపోద్ఘాతం పెట్టకండి.

కెమెరా కదలకూడదు. స్తంభం ఫ్రేము మధ్యలో, ఇద్దరూ అటూ ఇటూ, కాళ్ళ దాకా కనిపించేంత దూరంలో. ఇది శరీరంతో చేసే హాస్యం. ఒకావిడ బయటికొస్తున్నప్పుడే రెండో ఆవిడా వస్తోందని ఒకే షాటులో కనబడాలి. అటొక క్లోజప్, ఇటొక క్లోజప్ అని ముక్కలు చేశారంటే నవ్వు చచ్చిపోతుంది. నా టేబుల్ మీద అలా చచ్చిపోయిన జోకులు ఎన్నో చూశాను. షూటింగ్‌లో వైడ్ షాట్ తీసుకోకపోతే తర్వాత నేను కాదు, ఎవరూ బతికించలేరు. మొహం క్లోజప్ ఒక్కటే, తలుపు తెరుచుకున్నప్పుడు.

ఇంకోటి. 10 సెకన్ల చిన్న యాడ్ కూడా కావాలంటారు మీవాళ్ళు తర్వాత, చూస్తుండండి. ఎదురుపడటం, ఒక్క మార్పు, మళ్ళీ అదే రంగు. అది విడిగా నిలబడేలా ఇప్పుడే రాసుకోండి.

గళం
నాకే నష్టం గానీ నిజం చెప్తా. దీనికి మాటలొద్దు. నవ్వే చోట గొంతు అడ్డమొస్తుంది. జిప్పు చప్పుడు చాలు. "జ్జ్‌ప్" అని మొదటిసారి, రెండోసారి, చివర్లో ముగ్గురివీ ఒకేసారి "జ్జ్‌జ్జ్‌ప్". జిప్పుని మైకు దగ్గర పెట్టి విడిగా రికార్డు చెయ్యండి, సెట్లో వచ్చే చప్పుడు పేలవంగా ఉంటుంది. పక్క గదిలో ఉన్నవాళ్ళు కూడా ఆ చప్పుడు విని మీ యాడ్ వస్తోందని తెలుసుకోవాలి. చివర నల్లటి తెర మీద మీ పేరు, నా గొంతులో ఒకే మాట: "తిరగెయ్యండి."

మాటలపుట్ట
"తిరగెయ్యండి." దీనికి ఇంకొక్క అక్షరం కలిపినా నేనొప్పుకోను.

సోఫాలో_మూడోసీటు
చూసేవాళ్ళ తరఫున ఒక మాట. టీవీలో ఒకే యాడ్ రోజుకి ఎన్నిసార్లు వేస్తారో లెక్కే ఉండదు. తలుపు తెరుచుకోవడం మొదటిసారి నవ్వొస్తుంది. నాలుగోసారి ఎవరొస్తారో తెలుసు. అప్పుడెందుకు చూడాలి నేను?

మాటలపుట్ట
ఇది అందరికంటే మంచి ప్రశ్న. ఆశ్చర్యం మీద నిలబడ్డ జోకు తొందరగా వాడిపోతుంది. మనిషి తీరు మీద నిలబడ్డది చూసినకొద్దీ రుచి పెరుగుతుంది. అందుకే వెనకాల కుర్చీలో ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టండి. మొదటిసారి చూసినప్పుడు ఎవరూ గమనించరు. రెండోసారి, ఆయన తల టెన్నిస్ మ్యాచ్ చూస్తున్నట్టు అటూ ఇటూ తిరుగుతోందని తెలుస్తుంది. మూడోసారి, వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతున్నాడని తెలుస్తుంది. తలుపు తెరుచుకున్నప్పుడు ఆ వేళ్ళు ఆగిపోతాయి.

పిట్టగోడ
ఆ పెద్దాయన నేనే. నా లెక్క కూడా ఇంకా తేలలేదు.

నీడ_వెలుగు
రంగుల గురించి ఎవరూ మాట్లాడలేదు. నీలం, పసుపు మంచి జత. కానీ ఒకసారి రెండు వైపులా ఫోన్‌లో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే దూరం నుంచి, పాత టీవీలో, వెలుతురు ఎక్కువున్న గదిలో తేడా తెలీదు. రంగు గుడ్డితనం ఉన్నవాళ్ళ సంగతి సరే సరి. ఈ జోకంతా ఆ తేడా మీదే ఉంది.

సన్నగళ్ళు, సన్నచారలు ఉన్న రకం మాత్రం ఈ యాడ్‌కి తేకండి. కెమెరాలో అలల్లా పాకుతాయి, మోరే అంటారు. చేత్తో చూస్తే బ్రహ్మాండంగా ఉన్న బట్ట తెర మీద పురుగులు పట్టినట్టు కనిపిస్తుంది.

సూదీదారం
ఒక్కో మనిషికి కనీసం మూడు జాకెట్లు ఉంచుకోండి. తిరగేసిన ప్రతిసారీ ముడతలు పడతాయి, ఒకటి స్టీమర్ కింద ఉంటే ఇంకోటి ఒంటి మీద ఉండాలి. వెనక క్లిప్పులు పెట్టి బిగించే అలవాటు ఉంటుంది షూటింగుల్లో, ఇక్కడ కుదరదు, వీళ్ళు గుండ్రంగా తిరుగుతారు. కాబట్టి ముగ్గురికీ కొలతలు తీసి వాళ్ళ ఒంటికే కుట్టించండి. ముగ్గురూ మూడు రకాల ఒళ్ళున్న మనుషులైతే ఇంకా మంచిది. జాకెట్ ముగ్గురికీ నప్పిందని మాటల్లో చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

బొత్తాం_కాజా
ఆరు రోజుల తర్వాత వస్తున్నా. కొత్త బొమ్మలు గీయించి, జిప్పు చప్పుడు పెట్టి, అసలు పాత యాడ్ చూడని 10 మందికి చూపించాం. నవ్వు పాతదానంత పెద్దగా రాలేదు, ఆ మాట దాచను. విగ్గుకి పగలబడి నవ్వారు, దీనికి ముసిముసిగా మొదలై తలుపు దగ్గర పెద్దదైంది. మర్నాడు ఫోన్ చేశా. 8 మంది "ఆ తిరగేసే జాకెట్" అన్నారు. ఒకాయన "లెక్క కుదరని జాకెట్" అన్నాడు. ఒకరికి ఏమీ గుర్తులేదు. పేరు అడిగితే మాత్రం నలుగురే చెప్పారు.

కటింగ్_టేబుల్
నవ్వు తగ్గి గుర్తు పెరిగింది, ఈ బేరానికి నేను ఎప్పుడైనా సిద్ధం. పేరు సంగతి: చివరి నల్లతెర దాకా ఆగకండి. ఒలిచే మూడు సెకన్ల ముక్కలో మెడ దగ్గర లేబుల్ ఉంటుంది కదా? తిరగేసే బట్టకి లేబుల్ ఎక్కడ కుట్టారు?

బొత్తాం_కాజా
పక్క జేబు లోపల. రెండు వైపులా కనబడకూడదని.

సూదీదారం
జిప్పు లాగే పట్టీ మీద వేయించండి. తిరగేసే జాకెట్లకి రెండు వైపులకీ తిరిగే పట్టీ ఉంటుంది, ఏ వైపు తొడిగినా అది బయటే ఉంటుంది. ఆఖరి షాటులో ముగ్గురి వేళ్ళూ దాని మీదేగా ఉండేది.

కటింగ్_టేబుల్
సూదీదారం గారూ!! తలుపు దగ్గర మొహం క్లోజప్ ఒక్కటే అన్నాను కదా, రెండోది ఇదీ. పట్టీ, దాని మీద పేరు, వేళ్ళు. 20 ఫ్రేములు చాలు.

బొత్తాం_కాజా
పట్టీలు చేసేవాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేశా. 12 రోజులు పడుతుందట, షూటింగ్‌కి ముందే చేతికొస్తాయి. నలుపు తెలుపు ఫోటో కూడా తీశా నీడ_వెలుగు గారూ, నీలం బొగ్గులా, పసుపు బూడిదలా వచ్చాయి, తేడా బాగా తెలుస్తోంది. ఎలాస్టిక్ వేసిన జాకెట్ ఇప్పుడు నా ఒంటి మీదే ఉంది. 7 సెకన్లు.

సూదీదారం
ఎడమ చేతితో మొదలుపెట్టి చూడండి, 6 అవుతుంది.